అమారా ఆస్పత్రుల్లో చనిపోయిన మా వాళ్ల పేర్లు కావాలి: యుద్ధ సమాధుల కమిషన్‌కు బహిరంగ లేఖ

కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సభ్యులకు,

నమస్కారం.

మాది గోదావరి ప్రాంతంలో ఒక పల్లె. మా తాతగారి పెదనాన్న మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బెంగళూరు వెళ్లి, సైన్యానికి వంతెనలూ రోడ్లూ వేసే మద్రాసు సాపర్స్ పటాలంలో చేరారు. అక్కడి నుంచి ఆయన్ని మెసపటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు పంపారు. తుపాకీ గుండు తగిలి పోలేదు. అమారా అనే ఊళ్లో, ఆస్పత్రిలో, జ్వరంతో పోయారు. మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చింది ఇంతే. ఆయన గురించీ, అదే ఊళ్లో అదే విధంగా పోయిన వేలమంది గురించీ మిమ్మల్ని అడగడానికే ఈ లేఖ.

మీకు తెలియని చోటు కాదు గానీ, ఇది చదివే మా తెలుగువాళ్ల కోసం అమారా గురించి కొంచెం చెప్పాలి. టైగ్రిస్ నది ఒడ్డున, బస్రాకూ బాగ్దాద్‌కూ మధ్య ఉంటుందీ ఊరు. బ్రిటిష్ ఇండియా సైన్యం 1915 జూన్ 3న దీన్ని పట్టుకుంది. పట్టుకున్న వెంటనే ఆస్పత్రుల కేంద్రంగా మార్చింది. 1917 ఏప్రిల్ నాటికి అక్కడ ఏడు పెద్ద సైనిక ఆస్పత్రులు, ఇంకా చిన్నా చితకా వైద్య శిబిరాలు నడుస్తున్నాయి. పైనుంచి పడవల్లో వచ్చిన రోగులనూ గాయపడినవాళ్లనూ ఇక్కడ దింపేవారు. కోలుకుంటే మళ్లీ యుద్ధానికి పోవాలి. బాగా చితికిపోయినవాళ్లను బస్రా మీదుగా బొంబాయికి ఓడ ఎక్కిస్తారు. మిగతావాళ్లు అక్కడే మట్టిలో కలిసిపోయారు.

ఆ ఊళ్లో మీ సంరక్షణలో రెండు శ్మశానాలున్నాయి. ఒకటి అమారా యుద్ధ శ్మశానం. అందులో మొదటి ప్రపంచ యుద్ధానికి చెందిన 4,621 సమాధులున్నాయి. నేలలోని ఉప్పు రాయిని తినేస్తోందని 1933లో సమాధి రాళ్లు తీసేశారు. అలా తీసేసి ఊరుకోలేదు, గోడ కట్టి పేర్లు చెక్కించారు. మంచి పని చేశారు. రెండోది ఎడమ ఒడ్డు భారతీయ యుద్ధ శ్మశానం. అందులో భారత సైన్యానికి చెందిన సుమారు 5,000 మంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఎవరెవరో తెలియదని మీ రికార్డులే చెబుతున్నాయి. సైనిక అధికారులు ఖననాల వివరాలు సమగ్రంగా రాసి పెట్టలేదన్నది అక్కడ మీరు చూపిన కారణం.

ఆ కారణం దగ్గరే నేను ఆగిపోతున్నాను.

యుద్ధరంగంలో పోయినవాడి పేరు పోవచ్చు. ఫిరంగి గుండు పడ్డ చోట మనిషి ఆనవాలే మిగలదు. కందకంలో మట్టి కూలితే ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఆ బాధ ప్రపంచంలోని ప్రతి సైన్యానికీ ఉంది, దాన్ని నేను అర్థం చేసుకోగలను. ఆస్పత్రిలో పోయినవాడి సంగతి అలా కాదు. అతను మంచం మీద పడుకుని పోయాడు. ఆ మంచం ఎక్కేముందు అతని నంబరు, పటాలం, పేరు, జబ్బు ఎవరో ఒకరు రాసుకున్నారు. రోజూ జ్వరం ఎంతుందో చూశారు. డాక్టరు వచ్చి నాడి పట్టుకున్నాడు. పక్క మంచం మీద ఉన్నవాడు అతన్ని పేరు పెట్టి పిలిచాడు. ప్రాణం పోయినప్పుడు అతని పటాలానికి కబురు వెళ్లింది, జీతం లెక్క ఆపడానికైనా వెళ్లాలి. అక్కడి నుంచి బెంగళూరుకు, బెంగళూరు నుంచి ఊరికి ఉత్తరం వచ్చింది. మా ఊరికి వచ్చిన ఉత్తరాన్ని కరణం గారు చదివి వినిపించారట. అంటే చనిపోయే క్షణం దాకా అతని పేరు అందరికీ తెలుసు, చనిపోయాక వెయ్యి కోసులకు పైగా దూరంలో ఉన్న పల్లెకూ తెలిసింది. ఆస్పత్రి గుమ్మం నుంచి శ్మశానం దాకా ఉన్న ఆ కాస్త దూరంలో మాత్రమే ఆ పేరు పోయింది.

అది యుద్ధం చేసిన పని కాదు. మోసుకెళ్లిన మనిషి పేరు రాసుకోవడం అవసరమని ఎవరూ అనుకోకపోవడం వల్ల జరిగింది. కాగితం మీద జరగాల్సిన పని జరగలేదు కాబట్టి, ఈ తప్పును కాగితాల మీదే దిద్దవచ్చన్నది నా వాదన.

ఆ మనుషులు ఎందుకు జబ్బు పడ్డారో కూడా చెప్పాలి. 'రోగంతో పోయాడు' అనేసరికి అది విధిరాత, దానికి ఎవరూ బాధ్యులు కారు అన్నట్టు వినిపిస్తుంది. మెసపటేమియాలో జరిగింది అది కాదు.

అక్కడికి భారతదేశం నుంచి సుమారు 6 లక్షల మంది వెళ్లారు. వాళ్లలో సగం మందికి దగ్గరగా తుపాకీ పట్టనివాళ్లే: వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు, డోలీలు మోసేవాళ్లు, కూలీలు. జైళ్ల నుంచి శిక్ష తగ్గిస్తామని చెప్పి తీసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇంతమందిని పంపిన ప్రభుత్వం వాళ్లకు తిండి, మందులు చేర్చే పడవలను మాత్రం సరిపడా పంపలేదు. బస్రా నుంచి పైకి పోవడానికి అప్పటికి సరైన రోడ్లు లేవు, రైలు లేదు, నది ఒక్కటే దారి. బస్రా రేవులో ఓడలు సరుకు దింపుకోవడానికే వారాలు పట్టేది. పైన పోరాడుతున్న సైన్యానికి కూరగాయలు, పళ్లు, తాజా మాంసం అందేవి కావు. సిపాయి రోజూ తిన్నది ఆటా, పప్పు, నెయ్యి, బెల్లం. ఆ తిండి మీద నెలల తరబడి బతికితే స్కర్వీ వస్తుంది. చిగుళ్లు వాచి రక్తం కారుతుంది, కీళ్లు పట్టేస్తాయి, పాత గాయాలు మళ్లీ తెరుచుకుంటాయి. తెల్ల పిండి రొట్టె తినే బ్రిటిష్ సైనికులకు బెరిబెరి వచ్చింది, మన వాళ్లకు స్కర్వీ వచ్చింది. ఒకే యుద్ధంలో, ఒకే శిబిరంలో, తిండి తేడా వల్ల రెండు రకాల జబ్బులు. రెండూ నాలుగు నిమ్మకాయలూ కాస్త ముడి ధాన్యమూ సమయానికి దొరికితే ఆగిపోయే జబ్బులే.

ఎండాకాలంలో గుడారం లోపల వేడి 50 డిగ్రీలు దాటేది. వడదెబ్బతో మనుషులు పడిపోయేవారు. వసంతంలో ఉత్తరాది కొండల మంచు కరిగి నదికి వరద వచ్చేది, నీళ్లు తీశాక దోమలు, ఈగలు. తాగేదీ ఆ నది నీళ్లే. కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు, మలేరియా ఒకదాని వెనక ఒకటి. సాపర్లు చేసే పనే నీళ్లల్లో, బురదలో. వరద రాకుండా కట్టలు పోయాలి, పడవలు వరసగా కట్టి వంతెన వేయాలి, రోడ్డు పరచాలి. మా పెద్దాయన గోదావరి వరదలు చూసి పెరిగిన మనిషి. నదికి గట్టు వేయడం ఆయనకు కొత్త కాదు. అందుకేనేమో అలాంటి పనికే వెళ్లారు.

జబ్బు పడ్డవాళ్లను మోసుకొచ్చిన తీరు చదివితే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. 1915 నవంబరులో బాగ్దాద్ దగ్గరి టెసిఫాన్ పోరు తర్వాత గాయపడ్డవాళ్లను స్ప్రింగులు లేని సరుకు బళ్లలో మైళ్ల కొద్దీ తీసుకొచ్చారు. విరిగిన ఎముకలతో ఉన్నవాళ్లు ఆ కుదుపులు తట్టుకోలేక, దిగి పాక్కుంటూ వస్తామన్నారు. నది మీద పడవల్లో జనాన్ని కుక్కి పంపారు, కప్పుకోవడానికి గుడ్డ లేదు, మరుగుదొడ్డి లేదు. బస్రా చేరిన అలాంటి ఒక పడవను మేజర్ కార్టర్ అనే ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టరు చూశాడు. దూరం నుంచి పడవ పక్కలకు తాళ్లు వేలాడుతున్నట్టు కనిపించిందట. దగ్గరికి వచ్చాక అది మలం అని తెలిసింది. ఆయన ఊరుకోకుండా పైవాళ్లకు రాస్తే, అరెస్టు చేస్తామని ఆయన్నే బెదిరించారు. చివరికి విషయం లండన్ దాకా వెళ్లి, విచారణకు మెసపటేమియా కమిషన్ వేశారు. దాని నివేదిక 1917లో బయటికి వచ్చింది. భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చేంబర్లిన్ రాజీనామా చేశాడు.

కాబట్టి ఇది రహస్యం కాదు. బ్రిటిష్ పార్లమెంటు వందేళ్ల కిందటే ఒప్పుకున్న సంగతి. ఆ రంగంలో 12 వేలమందికి పైగా జబ్బులతో చనిపోయినట్టు సైనిక లెక్కలే చెబుతున్నాయి. టర్కీ సైన్యం కూత్ పట్టణాన్ని ముట్టడించినప్పుడు ఆకలితో చిక్కి శల్యమై 1916 ఏప్రిల్ 29న లొంగిపోయిన వాళ్లు, ఆ తర్వాత బందీలుగా ఎడారిలో నడుస్తూ రాలిపోయిన వాళ్లు వేరే కథ. అది చెప్పాలంటే ఇంకో లేఖ కావాలి.

జబ్బుతో పోయినవాడు గుండు తగిలి పోయినవాడికంటే తక్కువ అని సైన్యంలో ఎవరైనా అనుకుంటారా? పెద్దవాళ్ల విషయంలో మాత్రం ఎవరూ అనుకోలేదు. బాగ్దాద్‌ను గెలిచిన జనరల్ స్టాన్లీ మౌడ్ 1917 నవంబరు 18న అదే బాగ్దాద్‌లో కలరాతో చనిపోయాడు. ఆయనకు బాగ్దాద్ నార్త్ గేట్ శ్మశానంలో ప్రత్యేకంగా కట్టిన సమాధి మందిరం ఉంది, అది మీ సంరక్షణలోనే ఉంది. అవతలి పక్షంలో టర్కీ సైన్యాన్ని నడిపిన జర్మన్ ఫీల్డ్ మార్షల్ గోల్ట్స్ కూడా యుద్ధంలో పోలేదు. 1916 ఏప్రిల్‌లో టైఫస్ జ్వరంతో బాగ్దాద్‌లోనే పోయాడు. ఆయన్ని ఇస్తాంబుల్ తీసుకెళ్లి సమాధి చేశారు. కలరా పురుగుకు హోదా తెలియదు. జనరల్‌నూ పట్టింది, వంటవాణ్ణీ పట్టింది. ఆ తర్వాత జరిగిన దాంట్లోనే తేడా అంతా ఉంది.

మీ సంస్థ 1917 మే 21న పుట్టింది. దాన్ని స్థాపించిన ఫేబియన్ వేర్ మొదటి నుంచీ గట్టిగా పట్టుకున్న మాట ఒకటుంది. చనిపోయినవాళ్లందరూ సమానం, హోదాను బట్టి, జాతిని బట్టి, మతాన్ని బట్టి తేడా ఉండకూడదు, ప్రతి ఒక్కరి పేరూ రాయి మీద ఉండాలి. గొప్ప మాట అది. అంతకుముందు యుద్ధాల్లో మామూలు సిపాయికి పేరుతో సమాధి రాయి దక్కడం అరుదు. ఫ్రాన్స్‌లో మీరు ఆ మాట నిలబెట్టుకున్నారు. 1927లో న్యూవ్ షాపెల్‌లో భారతీయుల స్మారకం కట్టి 4,700 మందికి పైగా పేర్లు చెక్కించారు.

బస్రాలో అలా జరగలేదు. 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకం మీద 40 వేలమందికి పైగా మృతుల లెక్క ఉంది. బ్రిటిష్ సైనికుల పేర్లు ఉన్నాయి, భారతీయ అధికారుల పేర్లు ఉన్నాయి. భారతీయ సిపాయిలను మాత్రం పటాలం పేరు కింద ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. పేర్లు తెలియక కాదు. రిజిస్టర్ పుస్తకంలో ఆ పేర్లున్నాయి. పుస్తకంలో పేరు, గోడ మీద అంకె.

1915 చివర్లో ఫ్రాన్స్ నుంచి లాహోర్, మీరట్ డివిజన్ల సైనికులను మెసపటేమియాకు తరలించారు. అంటే ఒకే పటాలంలో ఒకే ఊరివాళ్లు ఇద్దరుంటే, సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో పోయినవాడి పేరు రాయి మీద ఉంది. ఆ చావు తప్పించుకుని ఓడెక్కి, మార్చిలో టైగ్రిస్ ఒడ్డున పోయినవాడు అంకెలో కలిసిపోయాడు. యూరప్ జనం చూసే చోట ఒక పద్ధతి, చూడని చోట ఇంకో పద్ధతి. దీనికి ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు, క్షమించండి.

ఢిల్లీలో ఇండియా గేట్ మీద అందరి పేర్లూ ఉన్నాయి కదా అని మా వాళ్లే చాలామంది అనుకుంటారు. అక్కడ చెక్కిన 13 వేలకు పైగా పేర్లు ముఖ్యంగా వాయవ్య సరిహద్దులోనూ, 1919 అఫ్గాన్ యుద్ధంలోనూ పోయినవాళ్లవి. అమారాలో పోయినవాడి కోసం అక్కడ వెతికితే దొరకడు.

పేరూ, తేదీ మాకు ఎందుకంత అవసరమో చెబుతాను. మా ఇళ్లల్లో చనిపోయినవాళ్లకు ఏటా తద్దినం పెడతాం. అది ఇంగ్లీషు తేదీని బట్టి కాదు, చనిపోయిన తిథిని బట్టి. తేదీ తెలిస్తే పాత పంచాంగం చూసి తిథి కట్టుకోవచ్చు. మా పెద్దాయన ఏ రోజు పోయారో ఊరికి వచ్చిన ఉత్తరంలో ఉండే ఉంటుంది. ఆ ఉత్తరం ఏ వరదలోనో ఏ చెదలకో పోయింది. తిథి తెలియనివాళ్లందరికీ కలిపి మహాలయ అమావాస్య నాడు పెడతారు. ఊరూ పేరూ లేకుండా పోయినవాళ్లకు, ప్రమాదాల్లో మాయమైనవాళ్లకు పెట్టే రోజది. ఆస్పత్రి మంచం మీద, రిజిస్టరులో పేరు రాయించుకుని పోయిన మనిషికి మేము ఆ రోజు పిండం పెడుతున్నాం. ఆయన భార్య బతికున్నంత కాలం ఏటా ఆ ఒక్క విషయానికే బాధపడేదని మా నాయనమ్మ చెప్పేది. ఆమెకు పింఛను వచ్చింది, అందులో లోటు లేదు. అడిగింది రోజు మాత్రమే.

తెలుగువాళ్లకు ఈ యుద్ధంతో ఏం సంబంధం అని అడిగేవాళ్లు ఉన్నారు, మా దగ్గరే. పంజాబీలు, గూర్ఖాలు ఎక్కువమంది వెళ్లిన మాట నిజమే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ ఉన్నాయి. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది తమ ఊరి నుంచి వెళ్లారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇప్పటికీ ఇంటికొకరు సైన్యంలో ఉండే ఊరది. హైదరాబాద్ సంస్థానం తన లాన్సర్స్ ఆశ్విక దళాన్ని సూయజ్‌కూ పాలస్తీనాకూ పంపింది. ఢిల్లీ తీన్‌మూర్తిలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లకు గుర్తు. మద్రాసు ప్రెసిడెన్సీ జనం ఇచ్చిన చందాలతో 'మద్రాస్' అనే ఆస్పత్రి ఓడను సిద్ధం చేసి నడిపారు. మన జిల్లాలూ ఆ ప్రెసిడెన్సీవే. అటు పోయిన కొడుకుల కోసం ఇటు తల్లులు డబ్బులు వేసుకుని ఓడను పంపుకున్నారనుకోండి.

యుద్ధం అయిపోయాక ప్రభుత్వం చాలా ఊళ్లల్లో రాతి పలకలు పెట్టించింది. 'ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, వాళ్లలో ఇంతమంది ప్రాణాలర్పించారు' అని ఉంటుంది వాటి మీద. అక్కడా అంకెలే. కన్న ఊళ్లో కూడా పేరు రాయలేదు.

చదువూ పలుకుబడీ ఉన్న కుటుంబాల సంగతి కాస్త వేరు. బెంగాల్‌కు చెందిన కల్యాణ్ ముఖర్జీ అనే డాక్టరు ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి మెసపటేమియా వెళ్లాడు. కూత్ ముట్టడిలో చిక్కుకున్నాడు. బందీగా ఇప్పటి సిరియాలోని రాస్ అల్ ఐన్‌లో ఉంటూ తోటి ఖైదీలకు వైద్యం చేశాడు. 1917 మార్చిలో అక్కడే జ్వరంతో పోయాడు. ఆయన ఇంటికి రాసిన ఉత్తరాల ఆధారంగా వాళ్ల బామ్మ ముసలితనంలో కూర్చుని ఆయన జీవితం గురించి పుస్తకం రాసింది. ఆ తల్లి వల్లనే ఆ మనిషి ఇవాళ మనకు తెలుసు. ఆ డాక్టరు వైద్యం చేసిన సిపాయిల ఇళ్లల్లో ఉత్తరం చదవగలిగినవాళ్లే లేరు. రాసి దాచే బాధ్యత వాళ్ల తరఫున ప్రభుత్వాలది, ఆ తర్వాత మీది.

2021 ఏప్రిల్‌లో మీరు ఒక నివేదిక బయటపెట్టారు. ఆసియా, ఆఫ్రికా దేశాలకు చెందిన 45 వేల నుంచి 54 వేలమందిని మిగతావాళ్లతో సమానంగా స్మరించలేదనీ, కనీసం మరో 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గానీ అసలు ఏ రకంగా గానీ స్మరించలేదనీ అందులో మీరే ఒప్పుకున్నారు. క్షమాపణ చెప్పారు. బ్రిటిష్ రక్షణ మంత్రి పార్లమెంటులో లేచి క్షమాపణ చెప్పారు. నూరేళ్ల తర్వాతైనా ఒక సంస్థ తన తప్పును తానే తవ్వి బయటపెట్టడం చిన్న విషయం కాదు, అందుకు మీ మీద నాకు గౌరవం ఉంది. అప్పటి నుంచి పేర్లు వెతికి చేర్చే పని సాగుతున్న సంగతీ తెలుసు. ఆ గౌరవంతోనే ఈ కింది మాటలు అడుగుతున్నాను.

ముందు అమారా. బస్రా స్మారకం రిజిస్టరులో భారతీయ సిపాయిల పేర్లు మీ దగ్గర ఉన్నాయి. చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉన్నాయి. మరోపక్క అమారాలో ఎవరివో తెలియని సుమారు 5,000 మంది అవశేషాలున్నాయి. ఈ రెంటినీ కలిపే దారి ఆస్పత్రులు. ఏ తేదీన ఏ ఆస్పత్రిలో ఎవరు పోయారో చెప్పే కాగితాలను వెతకాలి: బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో ఉన్న వైద్య దళాల యుద్ధ డైరీలు, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ దస్తావేజులు, పటాలాల సొంత రికార్డులు. ఏ సమాధి ఎవరిదో చెప్పలేకపోవచ్చు, అది నేను అడగడం లేదు. 'వీళ్లు అమారా ఆస్పత్రుల్లో పోయారు, ఈ నేలలోనే ఉన్నారు' అని పేర్ల జాబితా ఇవ్వడం సాధ్యమే. ప్రతి పేరు పక్కనా చనిపోయిన తేదీ ఉండాలి. కారణం తెలిస్తే అదీ రాయాలి. కలరా అయితే కలరా అని, స్కర్వీ అయితే స్కర్వీ అని. అందులో సిగ్గుపడాల్సింది చనిపోయినవాడు కాదు.

రెండోది మద్రాసు ప్రెసిడెన్సీ. లాహోర్ మ్యూజియంలో దశాబ్దాలు పడి ఉన్న పంజాబ్ రిజిస్టర్లను బయటికి తీసి, 3,20,000 మంది వివరాలను 2021 నుంచి జనానికి అందుబాటులోకి తెచ్చారు. ఊరూరా ఎవరు వెళ్లారో, ఎవరు తిరిగొచ్చారో, ఎవరు రాలేదో అందులో ఉంది. బ్రిటన్‌లో ఉన్న పంజాబీ కుటుంబాలు తమ ముత్తాతల పేర్లు వాటిల్లో వెతుక్కుంటున్నాయి. మద్రాసు వైపు అలాంటి ప్రయత్నం జరగాలి. చెన్నై ఎగ్మూరులో పాత మద్రాసు రికార్డులున్నాయి, ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారం ఉంది, బెంగళూరులో మద్రాసు సాపర్స్ కేంద్రం ఇప్పటికీ ఉంది. వీటిని ఒక్కచోట పెట్టి చూసే పని మీరు మొదలుపెడితే, తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం చదవగలిగే పిల్లలు సాయానికి వస్తారు. ఇంగ్లీషు గుమాస్తాల చేతిలో మా పేర్లు ఎన్ని వంకర్లు తిరిగాయో పోల్చుకోవాలంటే ఆ పేర్లు పుట్టిన ఊళ్లవాళ్లే కావాలి. సుబ్బయ్య ఎక్కడ సూబియా అయ్యాడో, వెంకటస్వామి ఎక్కడ వెంకటాసామీ అయ్యాడో మాకు చటుక్కున తెలుస్తుంది.

వంటవాళ్లనూ డోలీ మోసినవాళ్లనూ నీళ్లు మోసినవాళ్లనూ మాత్రం మళ్లీ వదిలేయకండి. కలరా శిబిరంలో రోగిని ఎత్తి పడుకోబెట్టింది వాళ్లే, ఆ జబ్బు ముందుగా అంటుకున్నదీ వాళ్లకే. పటాలం కాగితాల్లో వాళ్ల పేర్లు లేకపోతే జీతాల బిల్లుల్లో, పింఛను దరఖాస్తుల్లో వెతకండి.

మీరు ఇచ్చే జవాబులు కొన్ని నాకు ముందే తెలుసు. హిందువులకు, సిక్కులకు దహనం చేస్తారు కాబట్టి విడివిడి సమాధులు ఉండవు అంటారు. నిజమే. మట్టిలో పెట్టినా కట్టెల మీద పెట్టినా పేరు మాత్రం ఉంటుంది కదా. న్యూవ్ షాపెల్‌లో దహనం చేసిన వాళ్ల పేర్లూ ఉన్నాయి. ఇరాక్‌లో పరిస్థితులు బాగాలేవు, పని చేయడం కష్టం అంటారు. అదీ నిజమే. ఆ దేశం పడ్డ కష్టాలు చూస్తే రాళ్ల గురించి అడగడానికి నోరు రాదు. బస్రా స్మారకాన్నే 1997లో ఉన్న చోటు నుంచి తీసి ఎడారి దారిలో మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది. రాయి మీద చెక్కడం ఆలస్యం కావచ్చు, ఒప్పుకుంటాను. వెతకాల్సిన కాగితాలు ఇరాక్‌లో లేవు. లండన్‌లో, ఢిల్లీలో, చెన్నైలో, బెంగళూరులో ఉన్నాయి. అక్కడ పని చేయడానికి ఏ యుద్ధమూ అడ్డం లేదు. కంప్యూటర్ తెర మీద పేరు పెట్టి అదే చాలు అని ఆగిపోవద్దని మాత్రం కోరుతున్నాను. పక్క శ్మశానంలో ఉప్పు రాయిని తినేస్తే 1933లోనే గోడ కట్టగలిగారు.

ఇక మా ప్రభుత్వాలతో రెండు మాటలు. లండన్‌లోని భారత హైకమిషనర్ ఈ కమిషన్‌లో సభ్యులు. అంటే ఇది పరాయి సంస్థ కాదు, మనకూ అందులో కుర్చీ ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నవారు అమారా పేర్లను సమావేశంలో అడగాలి. వాళ్లు బ్రిటిష్‌వాళ్ల కోసం పోరాడారు, మనకెందుకు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. కూలి కోసం వెళ్లినవాడు, కరువు తట్టుకోలేక వెళ్లినవాడు, తాత తండ్రుల దారిలో వెళ్లినవాడు, ఎవరైనా సరే, మన ఊరివాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సైనిక సంక్షేమ శాఖలు ప్రతి జిల్లాలోనూ పాత పలకలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటోలు తీయించాలి, చావడి గోడల్లో, బడి ప్రహరీల్లో, కొన్నిచోట్ల బట్టలుతికే రాయిగా కూడా మిగిలి ఉంటాయవి. ఊళ్లో ముసలివాళ్లను అడిగి 'బస్రా వెళ్లినవాళ్లు' ఉన్న ఇళ్ల వివరాలు రాసుకోవాలి. ఈ తరం దాటితే చెప్పేవాళ్లు కూడా ఉండరు.

మా ఇంట్లో ఉన్న కాస్త వివరం, అంటే ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, పటాలం, మీకు విడిగా పంపుతున్నాను. ఇలాంటి వివరాలున్న కుటుంబాలు మా జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. మీరు ఒక చిరునామా ఇచ్చి, తెలుగులో రాసినా తీసుకుంటాం అని ప్రకటిస్తే, వాటిని సేకరించి పంపడానికి నాలాంటివాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆ ప్రకటన కోసం ఎదురుచూస్తాను. అది వచ్చాక అమారా జాబితా పని ఎక్కడిదాకా వచ్చిందో మళ్లీ రాసి అడుగుతాను.

ఈ లేఖ ప్రతులను లండన్‌లోని భారత హైకమిషనర్‌కు, కేంద్ర రక్షణ శాఖకు, రెండు రాష్ట్రాల సైనిక సంక్షేమ శాఖలకు పంపుతున్నాను.

నమస్కారాలతో,
మద్రాసు సాపర్ ఒకరి కుటుంబ సభ్యుడు